ఆడటానికేమీ లేని ఊళ్లో

టకయామా నుంచి షిరకావాగోకి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే మీద కొండల్ని చూసేది తక్కువ, కొండల కడుపులోంచి దూసుకుపోయేది ఎక్కువ. హిదా సొరంగం ఒక్కటే పది కిలోమీటర్లు దాటుతుంది. బండి నేను నడుపుతున్నాను. పక్క సీట్లో మా బావమరిది స్టీమ్ డెక్ చేత్తో పట్టుకుని బొటనవేలితో ఒకటే బటన్ నొక్కుతున్నాడు. నొక్కినప్పుడల్లా తెర మీద ఇంకో వాక్యం వచ్చి చేరుతుంది. మళ్లీ నొక్కుతాడు. ఇంకో వాక్యం.

“ఇంగ ఆట ఎప్పుడు మొదలైతాది బావా?”

“మొదలై చానా సేపైంది రా.”

“ఇదా? పేజీలు తిప్పడమే ఆటైతే మా నాయన పంచాంగం చూసేది గూడా గేమే.”

వాడు ఎల్డెన్ రింగ్‌లో ఒక్క రాక్షసుణ్ని పడగొట్టడానికి రాత్రుళ్లు తెల్లార్చిన రకం. అరచేతికి చెమట పట్టకపోతే వాడి లెక్కలో అది ఆట కాదు. నేను వాడి చేతికిచ్చింది ‘హిగురాషి నో నాకు కోరో ని’, కీచురాళ్లు అరిచే వేళ. ఆట అని పేరు పెట్టుకున్నవాటిలో ఇంతకంటే తక్కువ ఆట ఉన్నది నేనింకోటి చూడలేదు.

2002 ఆగస్టులో టోక్యో బిగ్ సైట్‌లో జరిగిన కామికెట్‌లో దీని మొదటి భాగం వచ్చింది. కామికెట్ అంటే ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి, సొంతంగా బొమ్మల పుస్తకాలూ డిస్కులూ తయారుచేసుకున్నవాళ్లు బల్లల మీద పరుచుకుని అమ్ముకునే సంత. రచయిత తనకు తాను పెట్టుకున్న పేరు ర్యూకిషి07. అప్పటికి ప్రభుత్వోద్యోగి. కథ రాసిందీ బొమ్మలు గీసిందీ ఆయనే. ఆ బొమ్మల్లో చేతులు ఉబ్బిన చేతితొడుగుల్లా ఉంటాయని నవ్వనివాళ్లు లేరు. మొత్తం ఎనిమిది భాగాలు. చివరిది 2006 ఆగస్టులో వచ్చింది.

కథ 1983 జూన్‌లో నడుస్తుంది. హినామిజావా అనే కొండ పల్లెకి పట్నం నుంచి ఒక కుర్రాడు కాపురానికొస్తాడు. బడిలో నలుగురు స్నేహితురాళ్లు. నవ్వులు, అల్లరి. ఊళ్లో ఏటా ఒక జాతర జరుగుతుంది. కొన్నేళ్లుగా ఆ జాతర రాత్రి ఒకరు చస్తున్నారు, ఒకరు కనపడకుండా పోతున్నారు. ఊరి దేవుడు ఓయాషిరో శాపమని కొందరు. కాదు, ఊరిని ముంచబోయిన డ్యాం మీద జరిగిన పోరాటం తాలూకు పగ అని కొందరు. ఒక్కో భాగంలో అదే జూన్ మళ్లీ మొదలవుతుంది, ఇంకో రకంగా చెడుతుంది. తెర నిండా అక్షరాలు, వెనక ఒక ఫొటో, మధ్యలో మనిషి బొమ్మ, చెవిలో కీచురాళ్ల రొద. మనం చేసేది నొక్కడం, చదవడం.

ఈ పద్ధతికి దారివేసింది చున్‌సాఫ్ట్ అనే కంపెనీ. వాళ్లు సూపర్ ఫామికామ్ అనే గేమ్ మెషిన్ మీద 1992లో ‘ఒతొగిరిసో’, 1994లో ‘కమైతాచి నో యొరు’ తెచ్చారు. వాటిని సౌండ్ నవలలన్నారు. అవి కనీసం పేజీ చివర అడిగేవి: తలుపు తీస్తావా, తీయవా? ఎవరు చంపారనుకుంటున్నావు? ర్యూకిషి ఆ ఒక్క ప్రశ్ననీ తీసేశాడు. చివరి భాగంలో విడివిడి ముక్కల్ని వరసలో పేర్చే ఒక ఘట్టం తప్ప, ఎనిమిది భాగాల్లో ఆటగాడికి పనంటూ ఏమీ ఉండదు.

కథ ఎక్కువైంది, ఆట తక్కువైంది అనే తగువు ఈ లోకంలో పాతదే. 2008 నాటి ‘మెటల్ గేర్ సాలిడ్ 4’లో ముగింపు దృశ్యాలే గంటకు పైగా సాగుతాయి, అంతసేపూ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిందే. 2012లో వచ్చిన ‘డియర్ ఎస్తర్’లో ఒక దీవి మీద నడవడం తప్ప ఏమీ లేదు. అదే ఏడాది టెల్‌టేల్ వాళ్ల ‘వాకింగ్ డెడ్’ వచ్చింది. అందులో మాటలు మనమే ఎంచుకోవచ్చు, ఎంచుకోగానే ఫలానా పాప దీన్ని గుర్తుపెట్టుకుంటుందని ఒక మూల అక్షరాలు మెరుస్తాయి. పెద్ద మలుపుల దగ్గర మాత్రం మనమేమన్నా కథ తన దారిన తను పోతుంది. నాకు ఈ చివరి రకం మీదే కాస్త కోపం. ఏమీ చెయ్యనివ్వకపోయినా ఫరవాలేదు, చేస్తున్నానని భ్రమపెట్టడమెందుకు? హిగురాషిలో ఆ బులిపింపు లేదు.

సొరంగాలు అయిపోయి ఒక్కసారిగా లోయ తెరుచుకుంది. జులై చివరి వారం. రెండు పక్కలా కొండలు, మధ్యలో పచ్చటి వరి, పొలాల మధ్యలో నిలువుగా లేచిన గడ్డి కప్పులు.

హినామిజావా కల్పిత గ్రామమే. దానికి నమూనా మాత్రం ఈ షిరకావా గ్రామంలోని ఒగిమాచి. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలోకెక్కిన ఊరు. బండి ఏటికి ఇవతల పార్కింగులో పెట్టి, దెయాయి వంతెన మీదుగా అవతలికి నడవాలి. 107 మీటర్ల వేలాడే వంతెన. కింద షోగావా నది ఆకుపచ్చగా, చల్లటి ఆవిరి పైకి కొడుతూ ఉంది. జనం ఎదురైనప్పుడల్లా వంతెన కాస్త ఊగుతుంది. ఇటువైపు కార్లు, టూరిస్టు బస్సులు, టాయిలెట్లు. అటు దిగితే గడ్డి ఇళ్లు.

మొదటి హిగురాషిలో వెనక కనిపించేవన్నీ నిజమైన ఫొటోలే. వాటిని కంప్యూటర్లో ఫిల్టర్ వేసి రంగులు మార్చి వాడుకున్నారు. చాలావాటిని ఇక్కడే తీశారు. నేను వాటిల్లో కొన్నిటిని ఫోన్లో పెట్టుకొచ్చాను. ఒకటి మా బావమరిదికి చూపించాను: ఒక వంకర సందు, ఎడమ పక్కన రాతి గోడ, దూరంగా ఒక కప్పు కొస.

“ఇది యాడుందో చెప్పు చూద్దాం.”

వాడు ఫోన్ లాక్కుని ముందు నడిచాడు. సందు చివరికి వెళ్లి ఫోన్ కళ్ల ముందుకెత్తాడు, రెండడుగులు వెనక్కి, ఒకడుగు పక్కకి. “గోడ కలిసింది, కప్పు కలవలే.” ఇంకో సందు. పొలం గట్టు మీద నిలబడ్డాడు, వంగాడు, ఒక ఇంటివాళ్ల పెరట్లోకి పోబోతుంటే నేను చొక్కా పట్టుకుని లాగాను. గట్ల మీదా పెరళ్లలోకీ వెళ్లొద్దని నాలుగు భాషల్లో బోర్డులున్నాయి. ఇవి జనం కాపురముండే ఇళ్లు. చివరికి ఒక కాలువ పక్కన నిలబడి కేకేశాడు. నిజమే. గోడ, సందు వంకర, కప్పు కొస మూడూ ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. ఫొటోలో లేనిది ఒక్క కోకాకోలా మెషిన్.

“రెండోది చూపి.” పొద్దున్నించీ వాడు అంత హుషారుగా మాట్లాడటం అదే మొదలు.

మధ్యాహ్నం దాకా ఇదే పని. వాడు వెతకడం, నేను వెనకాల నడవడం. అందువల్ల నాకు ఊరు చూసే తీరిక దొరికింది. గడ్డి కప్పులన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. కప్పు ఏటవాలు దాదాపు అరవై డిగ్రీలు, మంచు నిలవకుండా జారిపోవడానికి. దారుల పక్క కాలువల్లో నీళ్లు గలగలా పారుతూ ఉంటాయి, వాటిలో చేపలు ఎదురీదుతుంటాయి. ముప్ఫై నలభై ఏళ్లకొకసారి కప్పు మార్చాలి. అది ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు, ఊరంతా కలిసి ఒక ఇంటి మీదికెక్కుతారు. 1971లో ఊరివాళ్లు ఒక కట్టుబాటు చేసుకున్నారు: ఇళ్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. ఆ కట్టుబాటు ఎందుకొచ్చిందో మర్నాడు డ్యాం దగ్గర నిలబడ్డాక ఇంకా బాగా అర్థమైంది.

ఊళ్లో పెద్దదైన వదా వారి ఇల్లు లోపలికెళ్లి చూడొచ్చు. కథలో ఊరిని శాసించే సొనొజాకి కుటుంబానికి ఈ ఇల్లే నమూనా అంటారు అభిమానులు. వదా వాళ్లు ఊరి పెద్దలు, సురేకారం వ్యాపారంతో సంపాదించినవాళ్లు. తుపాకి మందుకి కావలసిన సురేకారాన్ని ఈ లోయల్లో ఇళ్ల నేల కిందే, గడ్డీ మట్టీ పట్టుపురుగుల పెంటా కలిపి మాగబెట్టి తయారుచేసేవారు. ఇంత ముచ్చటైన ఇళ్ల కింద ఆ పని జరిగేదంటే ఏ భయానక కథా రచయితకైనా సగం పని తీరినట్టే.

నిచ్చెన లాంటి మెట్లెక్కి అటక మీదికి వెళ్లాం. చల్లటి చీకటి, పొగ వాసన. ఒకప్పుడు పట్టుపురుగుల్ని పెంచింది ఇక్కడే. వాసాలు కింద నేలపొయ్యిలోంచి ఏళ్ల తరబడి వచ్చిన పొగకి నిగనిగలాడే నలుపెక్కాయి. ఎక్కడా మేకు లేదు. దూలానికీ వాసానికీ మధ్య గడ్డి తాళ్లూ, మెలితిప్పిన పచ్చి కొమ్మలూ. ఒక ముడి దగ్గర ఆగి చూశాను. తాడు నాలుగు చుట్లు తిరిగి, తన కిందనుంచి తనే దూరి, కొస లోపలికి మడిచి ఉంది. కొమ్మ ఎండిన కొద్దీ బిగుసుకుంటుందట. మా బావమరిది దాన్ని వేలితో లాగి చూడబోయి, అక్కడ కూర్చున్న పెద్దమనిషి దగ్గు విని చేయి వెనక్కి తీసుకున్నాడు.

షిరకావా హచిమాన్ గుడి దేవదారుల మధ్య ఉంది. కథలో రీకా అనే పాప వాళ్ల గుడికి ఇదే నమూనా. కథలోని జాతర జూన్‌లో. ఇక్కడి అసలు పండగ అక్టోబరులో, దేవుడికి నైవేద్యం పెట్టిన చిక్కటి బియ్యపు కల్లు అందరికీ పోస్తారు. ఊళ్లోని బోర్డుల మీద హిగురాషి పేరు నాకెక్కడా కనబడలేదు, ఇక్కడ మాత్రం దాచినా దాగదు. మొక్కుకున్న కోరికలు రాసి వేలాడదీసే చెక్క పలకల చట్రం ముందు నిలబడ్డాను. పరీక్ష పాసవ్వాలి, అమ్మ ఆరోగ్యం బాగుపడాలి, వాటి పక్కనే కథలోని రీకా, రేనా, మియోన్ బొమ్మలు. కొన్ని మార్కర్‌తో ఆదరాబాదరాగా గీసినవి, కొన్ని పోటీకి పంపదగినంత నైపుణ్యంతో వేసినవి. కొరియన్, చైనీస్, ఇంగ్లీషు రాతలు. ఒక పలక మీద బొమ్మ కావాలనే ఆ ఉబ్బిన చేతులతో గీశారు. చూసి నవ్వొచ్చింది. అసలు రచయిత గీతని అంత శ్రద్ధగా అనుకరించాలంటే ఎన్ని గంటలు ఆ తెర ముందు కూర్చుని ఉండాలో.

“వీళ్లంతా ఏం ఆడినారని ఇంత భక్తి బావా?” అన్నాడు మా బావమరిది. ఈసారి ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు.

జవాబు చెప్పడానికి రాత్రి దాకా పట్టింది.

అయిదు దాటేసరికి పగటి బస్సులన్నీ వెళ్లిపోయాయి. మేం దిగింది ఒక గడ్డి కప్పు ఇంట్లోనే. గదికీ గదికీ మధ్య కాగితపు తలుపులు. పక్క గదిలో ముసలి దంపతులు టీవీ కట్టేసిన చప్పుడు కూడా వినిపిస్తుంది. భోజనంలో చిన్న మట్టి పొయ్యి మీద ఎండిన మాగ్నోలియా ఆకు, దాని మీద మిసో అనే సోయా ముద్ద, తరిగిన ఉల్లికాడలు, నాలుగు మాంసం ముక్కలు. కింద నిప్పు రాజుకునే కొద్దీ ఆకు అంచులు నల్లబడి, మిసో బుడగలొచ్చి, కమ్మటి మాడు వాసన. మా వాడు దాన్ని అన్నంలో కలుపుకుని, ఆపైన వాళ్లక్క కట్టిచ్చిన శెనిక్కాయల పొడి చల్లుకున్నాడు. ఇంటావిడ చూసి అదేమిటని అడిగి, తనూ కొంచెం అరచేతిలో వేయించుకుని నాలిక మీద పెట్టుకుని, కళ్లనీళ్లతో నవ్వింది.

బయట దేవదారుల్లో కీచురాళ్లు మొదలయ్యాయి. పగటి కీచురాళ్ల గరగర కాదిది. గాజు మీద గాజు తాకినట్టు, దిగుతూ దిగుతూ పోయే గొంతు. ఆటలో ఈ చప్పుడు ఎన్ని గంటలు విన్నానో. వాడు స్టీమ్ డెక్ చప్పుడు తగ్గించి, లోపలిదీ బయటదీ ఒకటేనా అని చెవి పెట్టి పోల్చుకున్నాడు.

అప్పుడు చెప్పాను. నువ్వు ఆడుతున్నది ఆట అయిపోయాక మిగిలిన డిస్కు. అసలు ఆట 2002 నుంచి 2006 దాకా జరిగింది, తెర మీద కాదు. ఆగస్టులో మొదటి భాగం వచ్చింది; డిసెంబరులో రెండోది, మరుసటి ఏడాది ఆగస్టులో మూడోది. నాలుగోదానికి ఏడాది పట్టింది. మొదటి నాలుగూ ప్రశ్నలు, తర్వాతి నాలుగూ జవాబులు. రచయిత సవాలు విసిరాడు: సరైన జవాబు పట్టుకునేది నూటికి ఒక్కరే. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉన్న నెలల్లో చదివినవాళ్లు ఇంటర్నెట్‌లోనూ, హాస్టల్ గదుల్లోనూ, రైళ్లలోనూ కొట్టుకున్నారు. శాపమా, మనిషా? ఒక్కడా, ఊరంతానా? చెబుతున్న కుర్రాడి మాట నమ్మొచ్చా? భాగం అయిపోగానే పాత్రలన్నీ వేషాలు తీసేసి ఒకచోట చేరి, ఇప్పుడు చూసిందేమిటని పాఠకుడితో పాటు తర్కించే ఘట్టం ఒకటుంటుంది. చచ్చిపోయిన పిల్ల కూడా వచ్చి కూర్చుని, నన్ను చంపిందెవరై ఉంటారంటావ్ అని అడుగుతుంది. ఆట అక్కడ మొదలయ్యేది. బటన్లు తీసేసింది పాఠకుడికి పని లేకుండా చెయ్యడానికి కాదు. తెర మీద ఎటు నొక్కాలన్న వెతుకులాటే ఉండదు కాబట్టి మిగిలిన బుర్రంతా సాక్ష్యాల మీదే పెట్టాలి.

“మా అమ్మావాళ్లు తులసిదళం అట్లనే చదివినారంట,” అన్నాడు వాడు.

నాకు తట్టని పోలిక. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి సీరియల్ వస్తున్నప్పుడు వారం వారం ఇదే తగువు: పాపకి పట్టింది చేతబడా, జబ్బా? మంత్రగాడా, డాక్టరా? ఇప్పుడు పుస్తకంగా ఒక్క రాత్రిలో చదివేస్తే కథ దొరుకుతుంది; ఆ వారంలో వీధి అరుగుల మీద నడిచిన వాదన దొరకదు. హిగురాషిని నేను స్టీమ్‌లో, ఎనిమిది భాగాలూ వరసగా, వారాంతాల్లో ముగించాను. ఒక భాగం చివర గుండె ఝల్లుమంటే తర్వాతి భాగం రెండు క్లిక్కుల దూరంలో ఉంది. ఒక్క ఊహ కూడా పూర్తిగా చేయలేదు. దీన్ని వట్టి నాటకం, ఆట లేదు అని కొట్టిపారేసేవాళ్లలో చాలామంది నాలాగే ఆలస్యంగా వచ్చినవాళ్లని నా అనుమానం.

దీనర్థం అది లోపం లేనిదని కాదు. మొదటి గంటలన్నీ బడి పిల్లల వెకిలి హాస్యం, కత్తిరించాల్సినవి కత్తిరించలేదు. జవాబు భాగాల్లో రచయిత బయటపెట్టిన కారణం కొందరికి అన్యాయం అనిపించింది, నాకూ అందులో ఒక ముడి బిగుసుకోలేదు. కానీ ఒక సంగతి నన్ను ఇప్పటికీ నవ్విస్తుంది. ఆటగాడికి ఆడటానికేమీ లేని ఈ కథలో పాత్రలు ఎప్పుడూ ఆడుతూనే ఉంటాయి. బడి అయ్యాక వాళ్లకో క్లబ్బు. పేకాట, దాగుడుమూతలు, ఓడినవాడికి శిక్ష. కొత్త కుర్రాడు మొదటిరోజు ఆడిన పేకముక్కలకి వెనక గీతలూ మరకలూ ఉంటాయి. మిగతావాళ్లకి ఏ గీత ఏ ముక్కో కంఠతా వచ్చు. గెలవడానికి ఏం చేసినా తప్పులేదన్నది క్లబ్బు నియమం. అంటే రచయిత మొదటి అధ్యాయంలోనే చెప్పేశాడు, ముక్కల ముఖం కాదు, వీపు చూడు అని. నేనప్పుడు బటన్ నొక్కుతూ పోయాను.

మర్నాడు ఎక్స్‌ప్రెస్‌వే వదిలేసి 156వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా వెళ్లాం. నదికి ఎదురు. కాసేపటికి లోయని అడ్డంగా మూసేసిన రాళ్ల కొండ కనిపించింది. మిబొరో డ్యాం, 131 మీటర్ల ఎత్తు, 1961లో పూర్తయింది. కాంక్రీటు గోడ కాదు, రాళ్లూ మట్టీ పోసి కట్టినది, అందుకే మొదట చూసినప్పుడు కొండనే అనుకుంటాం. దాని వెనక పొడవాటి జలాశయం. కింద షోకావా, షిరకావా గ్రామాల ఇళ్లు, పొలాలు, బడులు, గుళ్లు.

హిగురాషిలోని డ్యాం గొడవ ఊహ నుంచి పుట్టలేదు. 1952లో డ్యాం ప్రకటన వచ్చాక ఈ లోయవాళ్లు సంఘం కట్టారు, చచ్చేదాకా ఊరిని కాపాడుకుంటామని సంఘం పేరులోనే రాసుకున్నారు. కథలోని సంఘం పేరు కూడా ఆ ధోరణిలోనే ఉంటుంది. కథలో ఊరు గెలుస్తుంది, డ్యాం ఆగిపోతుంది, తర్వాత శవాలు లేస్తాయి. ఇక్కడ ఊరు ఓడిపోయింది, ఎవరూ ఎవర్నీ చంపలేదు. ఏడేళ్లు నిలబడి, 1959లో సంఘాన్ని రద్దు చేసుకున్నారు. రెండు వందలకు పైగా కుటుంబాలు లేచిపోయాయి. కొన్ని ఇళ్లనూ విప్పి తీసుకెళ్లారు. యొకొహామాలో మా ఇంటికి దగ్గర్లోని సంకేయెన్ తోటలో యనొహరా వారి ఇల్లు ఉంది, ఆదివారాలు నేను వెళ్లి దాని నేలపొయ్యి దగ్గర చలి కాచుకున్న ఇల్లే. అది ఈ నీళ్ల కిందినుంచి తప్పించుకున్నదని బోర్డు మీద ఎన్నిసార్లు చదివానో. ఈ నీళ్లు చూశాకగానీ ఆ మాట బరువు తెలియలేదు. షోరెంజి అనే గుడి హాలు టకయామాకి వెళ్లింది. ఒగిమాచి నిలిచింది. పక్క ఊళ్లు పోవడం, గడ్డి ఇళ్లు ఒక్కొక్కటే అమ్ముడుపోవడం కళ్లారా చూసినవాళ్లు చేసుకున్నదే ఆ 1971 కట్టుబాటు.

మేమిద్దరం కర్నూలు వాళ్లం. జలాశయం అంచున ఎక్కువసేపు మాట్లాడుకోనక్కర్లేదు. శ్రీశైలం నీళ్లకింద మా నాయనమ్మ పుట్టిన ఊరుంది. కూడవెల్లి సంగమేశ్వరాన్ని రాయిరాయీ విప్పి అలంపురంలో పేర్చారు. సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరుడు మాత్రం ఏటా నీళ్లు తగ్గినప్పుడు బయటికొచ్చి, వానలకి మళ్లీ మునుగుతాడు. మా నాయనమ్మ ఎండాకాలం అక్కడికి పోయి, ఇది మా వీధి, ఇది రచ్చబండ అని ఒండ్రు మట్టి చూపించేది. మాకు మట్టే కనపడేది.

డ్యాం దాటి కొంత దూరం పోతే రోడ్డు పక్కన రెండు పెద్ద చెర్రీ చెట్లు. నాలుగు వందల యాభై ఏళ్లకు పైబడ్డవి. మునిగిపోయే రెండు గుళ్ల ఆవరణల్లో ఉండేవి. సంఘం రద్దయిన రోజున వచ్చిన డ్యాం కంపెనీ మాజీ అధినేత టకసాకి తత్సునోసుకె వాటిలో ఒకదాన్ని చూసి, దీన్నయినా బతికించాలనుకున్నాడు. చెర్రీల మీద జీవితం ధారపోసిన ససబె షింతారోని పిలిపించాడు. 1960 చివర్లో కొమ్మలూ వేళ్లూ నరికి, పదుల టన్నుల మోళ్లను ఇనుప బండ్ల మీద బుల్డోజర్లతో దాదాపు 600 మీటర్లు లాగి ఒడ్డుకి చేర్చారు. చావగొట్టారని అప్పట్లో తిట్టినవాళ్లున్నారు. మరుసటి వసంతంలో చిగురేశాయి. ఈ రోడ్డు మీద నగోయా, కనజావాల మధ్య తిరిగిన బస్సు కండక్టరు సతో ర్యోజి ఈ చెట్ల సంగతి చూసి కదిలిపోయి, తన రూటు పొడవునా రెండు వేల దాకా చెర్రీ మొక్కలు నాటాడు. 1977లో, యాభై నిండకుండానే పోయాడు.

జులైలో పూలుండవు. ముదురాకుపచ్చ ఆకులు, కర్రలతో ఆనించిన కొమ్మలు, కాండం మీద నరికిన చోట్ల బండబారిన మచ్చలు. మా బావమరిది చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్లవైపు చూసి, చాలాసేపటికి అన్నాడు:

“అంటే బావా, కథలో డ్యాం ఆగిపాయ కదా. ఆగిపోయినాక నష్టపోయినోళ్లు ఎవురు?”

నేను బండి తాళం వెతుక్కుంటున్నట్టు నటించాను.

షోకావా నూడుల్స్ హోటల్లో, చల్లటి సోబా వచ్చేలోపు, వాడు బిల్లు కాగితం వెనక పేర్లు రాయడం మొదలుపెట్టాడు. పక్కన సాక్ష్యాలు. ఒకటో భాగంలోని డిటెక్టివ్ ముసలాయన ఎందుకు అన్నిసార్లు అదే ప్రశ్న వేస్తాడు? జాతర రాత్రి ఫొటోలు తీసినాయన ఏం చూశాడు? వాడు ఇంకా సగం కూడా చదవలేదు. బొటనవేలు మాత్రం నిన్నటిలా ఆగకుండా నొక్కడం లేదు. ఒక పేజీ దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదువుతున్నాడు.

“శాపం లేదు గీపం లేదు, ఖచ్చితంగా మనుషుల పనే,” అన్నాడు. “ఒప్పుకుంటావా?”

“నేనేం చెప్పను.”

“పోనీ ఈ అయిదుగురిలో ఉన్నాడా లేడా? అది చెప్పు సాలు.”

కాగితం నావైపు తిప్పాడు. మూడో పేరు చూసి నవ్వు ఆగలేదు. వెంటనే తమాయించుకున్నాను గానీ వాడు పట్టేశాడు.

“ఎందుకు నవ్వినావు? ఆయప్ప కాదనా, ఆయప్పేననా?”

సోబా వచ్చింది. వాడు తినకుండా నా మొహమే చూస్తూ మూడో పేరు కింద ఒక గీత గీశాడు, తర్వాత దాన్నే కొట్టేశాడు, మళ్లీ రాశాడు.